పెర్సెపొలిస్ మెట్లకు సాధన

ఇస్ఫహాన్ నీలి గుమ్మటాలను కళ్లారా చూడాలని మా ఆవిడకు కాలేజీ రోజుల నుంచి కోరిక. ఆఖరికి ఇద్దరం ఓ ఇరాన్ టూర్‌లో చేరాం. అక్కడి పాతకాలపు రాజధాని పెర్సెపొలిస్ శిథిలాల్లో మెట్లెక్కాలని తెలిశాక ఆమెకు నా మోకాళ్ల మీద బెంగ పట్టుకుంది. మేముండే పాయింట్ కుక్‌లో గుట్ట అన్నది లేదు. కాబట్టి ఆఫీసు నుంచి కారు నడిపీ నడిపీ సోలిపోయి వచ్చి, రోజూ మా ఇంటి మెట్లే ఎక్కి దిగేవాణ్ణి. పైన మంచం, కింద కాఫీ. దేని దగ్గరా ఆగనిచ్చేది కాదు.

టూర్‌కు ముందు పెట్టిన మీటింగులో గైడు ఆ మెట్ల ఫొటో చూపించాడు. నిండు అంగీల ప్రభువులు హుందాగా ఎక్కాలని ఒక్కో మెట్టునీ బాగా తక్కువ ఎత్తుతో చెక్కారట. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె ఫొటో వైపే చూసింది.

తర్వాతి వారం, అక్కడి పరిస్థితులు బాగాలేవని టూర్ వాయిదా వేశారు. ఎప్పటికో చెప్పలేదు. ఆ సాయంత్రం నిశ్చింతగా సోఫాలో వాలాను.

"ఏవండీ, లేవండి. మెట్లు."

"టూర్ పోస్ట్‌పోన్ అయింది కదా, ఇంకా ప్రాక్టీసేంటి?"

"మళ్లీ పెట్టేసరికి మీ మోకాళ్లు కుర్రవైపోతాయా?"

లేచాను. ఈసారి ఆమె కూడా నాతో ఎక్కింది. మధ్యలో ఒకసారి ఆగి, గోడ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంది. నేను మెట్లు చూసుకుంటూ ఎక్కాను.