మా పెద్ద డాక్టరు గారి సూది

కోదాడలో కూతురింట్లో ఉంటున్న మా పెద్ద డాక్టరు గారు మొన్న ఆదివారం పోయారని బస్సు డ్రైవరు వచ్చి చెప్పాడు. ఆ సమయానికి సూర్యాపేటలోని నా దవాఖానాలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ రద్దీ వెనక నా తప్పొకటి ఉంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

చదువు ముగించి వచ్చిన నన్ను ఇదే ఊళ్లోని తన దవాఖానాలో రెండేళ్లు పక్కన కూర్చోబెట్టుకొని వైద్యం నేర్పింది ఆయనే. మిర్యాలగూడ నుంచి కూడా జనం బండ్లు కట్టుకొని ఆయన దగ్గరికి వచ్చేవారు. జ్వరం ఎప్పటి నుంచని అడిగితే గొర్రెల కాపరి మంద తప్పిపోయిన రోజు నుంచి మొదలుపెట్టేవాడు. నాకు విసుగొచ్చేది. ఆయన మాత్రం నాడి మీంచి వేళ్లు తీయకుండా అంతా వినేవారు.

"సూది అక్కర్లేదు బిడ్డా. జావ తాగి మూడు దినాలు పండుకో," అని పంపేసేవారు. నా వైపు తిరిగి, "ఊకె పంపుడు కూడ వైద్యమేనయ్యా. గదే కష్టం," అని నవ్వేవారు.

నాకంత ఓపిక ఎక్కడిది? పోలీసు చర్య తర్వాత బస్సులు మళ్లీ తిరుగుతున్న రోజులవి. దిగినవాళ్లకు ముందు నా బోర్డే కనబడాలని బస్సులు ఆగే చోటే సొంత దవాఖానాకు గది కిరాయికి తీసుకున్నాను. జనం సూది అడిగారు, వేశాను. జలుబుకూ వేశాను, ఒళ్లునొప్పులకూ వేశాను. పక్కూరు చివ్వెంల వాళ్లంతా నా వైపు తిరిగితే నా హస్తవాసి అనుకొని మురిసిపోయాను.

ఒక సాయంత్రం ఆయన్ని చూడటానికి వెళ్లాను. గదిలో ఒక్క కూలి మనిషే ఉంది. మామూలు పడిశం. ఆయన ఆమె కోసం స్టవ్ మీద సూది మరగబెడుతున్నారు. నివ్వెరపోయాను.

ఆమె సూది వేయించుకొని వెళ్లాక, "ఏం మందండీ?" అన్నాను.

"ఉత్త నీళ్లు," అన్నారు తల ఎత్తకుండా. "ఇయ్యకుంటే నీ కాడికొస్తరు. నువ్విస్తవు గద."

తిట్టినా బాగుండేది. "గీ వయసుల జర సిగ్గయితున్నదయ్యా," అని ఊరుకున్నారు. నెల తిరక్కుండా దవాఖానా మూసేసి కోదాడ వెళ్లిపోయారు. ఆయన చేత నీళ్ల సూది వేయించింది నేనే. క్షమించమని అడగడానికి ఉన్నది రెండు గంటల బస్సు దారే. జనాన్ని వదిలి ఎలా వెళ్తానని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

డ్రైవరు వెళ్లాక, ఈ ఒక్కరోజైనా ఆయన లాగా వినాలనుకున్నాను. ముందున్న ముసలాయన నాడి పట్టుకొని, "ఏం బాధ తాతా? మొదటి నుంచి చెప్పు," అన్నాను.

ముసలాయన నా పట్టు విడిపించుకొని, అంగీ చేతిని భుజం దాకా మడిచి చెయ్యి నా ముందు చాపాడు. వెనక కూర్చున్నవాళ్లు అప్పటికే అంగీ చేతులు మడుచుకొని ఉన్నారు.