ఇటుక పొడితో తోమిన చేతులు

మా అమ్మ నలభై ఏళ్లు చేపలు కోసింది. ఉప్పు పట్టించి ఎండబెట్టింది. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మింది. ఆ చేతులతోనే నన్ను టీచర్ని చేసింది. ఆ చేతులంటేనే సిగ్గుపడ్డదాన్ని నేను. ఎనిమిదో తరగతిలో ఒకరోజు అమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని బడికొస్తే, నలుగురూ వింటుండగా అనేశాను.

"నువ్విక్కడికి రాకే అమ్మా, కంపు కొడతన్నావు."

అమ్మ క్యారేజీ నా చేతికిచ్చి వెళ్లిపోయింది. ఆ తర్వాత నలుగురిలోకి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా చేతులు మోచేతుల దాకా ఇటుక పొడితో తోముకునేది. నేను ఎప్పుడూ వద్దనలేదు.

కిందటేడు అమ్మ పాదానికి చేప ముల్లు గుచ్చుకుంది. షుగరున్న ఒళ్లు, పుండు మానలేదు. కాలికి రక్తం అందడం లేదని, నాలుగైదు రోజుల్లో ఆపరేషన్ చేస్తే కాలు దక్కుతుందని విజయనగరంలో డాక్టరు చెప్పాడు. ఉచితంగా చేయాలంటే సర్కారు ఆరోగ్య కార్డు కావాలి. కార్డు రావాలంటే వేలిముద్ర పడాలి.

అమ్మ పొద్దున్నే లేచి చేతులు తోముకుంది. ఇద్దరం ఆటోలో ముద్రలు తీసే కేంద్రానికి వెళ్లాం. పది వేళ్లూ ఒక్కొక్కటే గాజుపలక మీద పెట్టించారు. ప్రతిసారీ ఎర్రలైటే.

"గీతలు అరిగిపోయాయమ్మా, రేపు రండి," అంది అక్కడ కూర్చున్న అమ్మాయి.

"నానే తల్లీ. నా మొకం సూడు," అంది అమ్మ.

మొహం చూసి ఇవ్వడానికి వాళ్లకు వీల్లేదట.

తన ఒంటి వాసనకే ఆ అమ్మాయి సరిగా పట్టించుకోలేదనుకుంది మా పిచ్చితల్లి. మర్నాడు ఇంకా గట్టిగా తోముకుంది. మూడో రోజుకి వేలి కొసలు కందిపోయాయి. గీతలు అరిగాయన్న మాట నా చెవులారా విన్నాను. అయినా ఆ ఇటుక పొడి డబ్బా తీసి పారేయాలని నాకు తట్టలేదు. పేరుకి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని.

ఏడో రోజున ఎవరో ఆఫీసరు వచ్చి, వేలు పడకపోతే కన్ను ఫొటో తీసినా చాలునన్నాడు. ఆ మిషను మొదటి రోజు నుంచీ అదే గదిలో, బీరువాలో ఉంది. నేను గొంతు పోయేలా అరిచాను. ఏం లాభం? కార్డు వచ్చేసరికి పాదం నల్లబడిపోయింది. మోకాలి కింద నుంచి తీసేశారు.

అమ్మ మళ్లీ కత్తిపీట ముట్టలేదు. ఈ మధ్య వికలాంగుల పింఛను కోసం అదే కేంద్రానికి తీసుకెళ్లాను. వేలు పెట్టగానే పచ్చలైటు వెలిగింది.

"ముద్ర పడిపోనాదేటే?" నమ్మలేనట్టు అడిగింది అమ్మ.

నెలల తరబడి చేపల పనీ, ఇటుక పొడితో తోముకోవడమూ లేక, ఆ వేళ్లకు గీతలు మళ్లీ వచ్చాయి. అమ్మ ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత నా వైపు చాపింది.

"సూడే, ఇప్పుడు కంపు కూడా నేదు."