రెండో జత కళ్లు

కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆయనను పక్షులు చూసే బృందమంతా 'పరీక్షాధికారి' అని పిలిచేది, ఆయన లేనప్పుడు మాత్రమే. వాళ్లకొక కట్టుబాటు ఉండేది: అరుదైన పక్షిని ఒక్కరే చూస్తే చూసినట్టు కాదు, రెండో జత కళ్లు ఔననాలి. ఆ రెండో జత చాలాకాలంగా ఆయనదే. ఆయన ఔనన్న సందర్భాలు అరుదు. కంటి కన్నా ముందు కోరిక చూస్తుందని ఆయన సిద్ధాంతం. అనుమానానికీ కళ్లుంటాయని మాత్రం ఆయనకు తోచలేదు.

కిందటి శరత్తులో ఆయన బావమరిది, బస్సు డ్రైవరు, రెల్లులో దాక్కునే గోధుమరంగు కొంగను చూశానన్నాడు.

"కొంగనా, ఎండు రెల్లునా?" అని ఆయన అందరి ముందూ అడిగాడు. నవ్వులు పూశాయి. బావమరిది ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు. తమ్ముడి పక్షాన అక్క కూడా భర్తతో ముక్తసరి మాటలకు దిగింది.

ఈ ఏడు రెల్లు పసుపెక్కాక అతనే ఫోన్ చేశాడు. "బావా, వెంటనే రా. చూపిస్తా."

అలిగిన మనిషి గొంతులో ఇంత తీపి ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. అయినా వెళ్లాడు.

చెక్క వంతెన మీది నుంచి బావమరిది వేలు చూపాడు. మెడ నిక్కించి, ముక్కు ఆకాశానికెత్తి, ఒంటి చారలను రెల్లు గీతల్లో కలిపేసి నిలబడి ఉంది కొంగ. కదలదు, మెదలదు. కాళ్లు పీకేదాకా చూశాడాయన.

"కొయ్యబొమ్మ," అన్నాడు చివరికి.

"ఏంటి బావా!"

"నేను ఔనన్నాక నలుగురిలో నా పరువు తీద్దామనేగా?"

"దానికి నేనెందుకు, నువ్వు చాలవా? కాసేపు ఓపిక పట్టు. మనవాళ్లూ దార్లో ఉన్నారు."

ఆ మాటతో అనుమానం రూఢి అయింది. ఆయన వంతెన దిగి, బురదగడ్డ తీసి విసిరాడు.

కొంగ కర్కశంగా అరిచి, కాళ్లు వేలాడేసుకుని నీళ్ల మీదుగా వెళ్లిపోయింది.

పక్షి మీదికి ఏదైనా విసిరినవాడికి బృందంలో చోటు లేదు. ఆ నియమం పెట్టిందీ ఆయనే. మిగతావాళ్లు వచ్చేసరికి రెల్లు ఊగుతోంది, అంతే. చూడలేదంటే ఆయన చోటు పదిలం. బావమరిది మళ్లీ అబద్ధాలకోరు. అతను బావ చేతికంటిన బురదనే చూస్తున్నాడు.

"ఉంది. చూశాను," అన్నాడాయన. "గడ్డ విసిరి లేపింది నేనే."

బృందం మొహమొహాలు చూసుకుంది. వాళ్లలో ఒక బడిపంతులు గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లో పోరు పడలేక చెబుతున్నారేమోనండీ?"

 అలా అడగడం వాళ్లకు నేర్పింది ఆయనే.

బావమరిది పగలబడి నవ్వాడు. "పద బావా, దింపుతా. పనిలో పని అక్కనీ చూస్తా."

గుమ్మంలో భార్య ముందు బురద బూట్లను, తర్వాత ఇద్దరి మొహాలను తేరిపార చూసింది.

"మీ తమ్ముడు చెప్పింది నిజమే. నా కళ్లతో చూశాను," అన్నాడాయన.

ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"ఏం మందు పెట్టావురా మీ బావకి?"