మా ఆయన కొట్టిన కుందేళ్ళు

మోరిస్‌విల్‌లో మేమున్న నాలుగేళ్ళలో మా కూర గిన్నెలోకి వచ్చిన ప్రతి కుందేలునీ కొట్టింది నేను. పేరు మాత్రం మా ఆయనది. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు నాకు మొహమాటం లేదు. అప్పుడు ఉండేది. మొహమాటం కంటే ఒళ్ళుమంట ఎక్కువ ఉండేది.

డెబ్బైల చివర, అమెరికాలో మాట ఇది. ఇప్పుడక్కడ రోడ్డుకి ఇటు దోశ, అటు బిర్యానీ దొరుకుతున్నాయట. అప్పుడు ఒక రైలు కట్ట, పైన్ చెట్లు, ఎటు చూసినా పొగాకు చేలు. విమానమెక్కి ఇంత దూరం వచ్చి మళ్ళీ గుంటూరు జిల్లాలోనే దిగామేమిటని మా ఆయన ఆశ్చర్యపోయేవారు.

నేను నర్సుని. ఉద్యోగం నాది, వీసా నాది, కారు నడిపేది నేను. మా ఆయన నా వెనక డిపెండెంటుగా వచ్చారు. ఇండియాలో ఆయన కాలేజీలో బాటనీ లెక్చరర్. క్లాసులో అడుగుపెడితే వంద మంది లేచి నిలబడేవారు. ఇక్కడ అప్లికేషన్లు పంపించడం, పోస్టు కోసం గుమ్మంలో నిలబడడం, నాకు క్యారేజీ కట్టడం. నెలకోసారి మా తెలుగువాళ్ళం ఐదు కుటుంబాల వాళ్ళం ఎవరో ఒకరింట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. కొత్తవాళ్ళెవరైనా వస్తే మా ఆయన్ని “సిస్టర్ గారి హస్బెండ్” అని పరిచయం చేసేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన చెవులు ఎర్రబడేవి.

ఇంటి వెనక నేను కొత్తిమీర, మెంతికూర వేశాను. మొలక కనబడిందంటే చాలు, చేల గట్లమీంచి కుందేళ్ళు చుట్టాల్లా దిగేవి. మా ఇంటి ఓనరు ఎనభైకి దగ్గరపడ్డ పొగాకు రైతు, పక్కింట్లోనే ఉండేవాడు. నా గొడవ విని ఒకరోజు ఎయిర్ రైఫిల్ ఒకటి తెచ్చాడు. మొర పెట్టుకున్నది నేనైతే, తుపాకి మా ఆయన చేతిలో పెట్టాడు. “మీ పంట తిన్నవాటిని మీరు తినండి” అని, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ వేసి ఎలా ఉడకబెట్టాలో చెప్పాడు. లైసెన్సు ఎక్కడిస్తారో, ఏ నెలల్లో కొట్టొచ్చో కూడా చెప్పాడు. ఆదివారం మాత్రం తుపాకి ముట్టుకోకూడదన్నాడు. మేమూ చర్చివాళ్ళమే కాబట్టి దానికి పేచీ లేకపోయింది.

మా ఆయన ముందు లైబ్రరీ నుంచి తుపాకుల మీద పుస్తకం తెచ్చి చదివారు. తర్వాత వేలు తడిపి గాలి ఎటు వీస్తోందో చూశారు. పదిసార్లు పంపు కొట్టి, ఊపిరి బిగబట్టి, ఒక కన్ను మూసుకోబోయి రెండూ మూసుకుని కాల్చారు. తీగమీద ఆరేసిన ఆయన బనీనుకే సరిగ్గా గుండె దగ్గర చిల్లు పడింది. కుందేలు తలెత్తి ఆయన్ని ఒకసారి చూసి, మిగిలిన కొత్తిమీర తినేసింది. నాకు నవ్వూ కోపం ఒకేసారి వచ్చాయి.

“ఇలా ఇవ్వండి” అన్నాను.

మా నాన్న మిషన్ కాంపౌండులో వాచ్‌మన్. అక్కడి తెల్లదొరగారు దేశం విడిచి వెళ్ళిపోతూ పిట్టల తుపాకి నాన్నకి ఇచ్చి వెళ్ళారు. నాన్న కళ్ళకి శుక్లాలు వచ్చాక అది నా చేతికొచ్చింది. పదేళ్ళ వయసుకే కౌజుపిట్టలు, గువ్వలు కొట్టేదాన్ని. మా ఇంట్లో నీచుకూర వండారంటే అది నేను కొట్టి తెచ్చిందే. పెళ్ళిచూపుల్లో చెప్పుకునే సంగతి కాదు కనక మా ఆయనకి తెలియదు.

ఇరవై అడుగుల దూరంలో కుందేలు పక్కకి ఒరిగింది. మా ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు.

“ఎప్పట్నుంచి ఇది?” అన్నారు, నాకేదో జబ్బు బయటపడినట్టు.

హాస్పిటల్ గ్లవ్స్ తొడుక్కుని నేనే ఒలిచాను. మా వైపు కుందేలుని చెవులపిల్లి అంటారు, గోంగూరలో వండుతారు. ఆ దేశంలో గోంగూర ఎక్కడిది? షాపులో క్రాన్‌బెర్రీలని ఎర్రటి పుల్లటి కాయలు దొరికితే అవి వేసి, ఎండుమిరపకాయలు దట్టించి పులుసు పెట్టాను. ఆ శనివారం మా ఇంట్లో ప్రార్థన. ఐదు కుటుంబాలూ గిన్నె అడుగు గీకి మరీ తిన్నాయి.

మా కూటానికి పెద్ద ఒక డాక్టరుగారు, అందరికంటే ముందు వచ్చిన మనిషి. నేను వంటింట్లో ఉండగా ముందుగదిలోంచి ఆయన గొంతు వినబడింది.

“బ్రదర్, ఇది మీరే షూట్ చేశారా?”

కొంచెం ఆగి మా ఆయన అన్నారు: “ఏదో లెండి. చెయ్యి నిలకడగా ఉండాలి, అంతే.”

గరిటె పట్టుకుని బయటికి రాబోయాను. కానీ ఆ గొంతు విన్నాను. వంద మందిని లేపి నిలబెట్టిన గొంతు అది. నేను ఆ గొంతు విని ఏడాది దాటింది. వెనక్కి తిరిగి నోరు మూసుకుని అన్నం వార్చుకున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. రెండో కుందేలుకి ఆయన గాలి వాటం లెక్క చెప్పారు. నాలుగోదానికి అది పరిగెత్తుతోందట, ఆరోదానికి పొగమంచు కూడా వచ్చింది. ఎక్కడో పాత బట్టల షాపులో ఎర్ర గళ్ళ టోపీ ఒకటి కొనుక్కున్నారు. కూటంలో “హంటర్ బ్రదర్” అయిపోయారు. నేను డ్యూటీ చేసి వచ్చి, కుందేలు కొట్టి, ఒలిచి, వండి, వడ్డిస్తే, వచ్చినవాళ్ళు “మీరు అదృష్టవంతులు సిస్టర్, ఇంటికి మాంసం తెచ్చే భర్త దొరికాడు” అని వెళ్ళేవారు. ఒకటి రెండుసార్లు గిన్నెలు గట్టిగా కడిగాను. అంతకంటే ఏం చెయ్యలేకపోయాను. అద్దం ముందు ఆయన టోపీ సర్దుకుంటుంటే చూడముచ్చటగా కూడా ఉండేది, అదీ నా ఖర్మ.

మరుసటేడు థాంక్స్‌గివింగ్ పండగ భోజనం మా ఇంట్లో అని నిర్ణయమైంది. వారం ముందు డాక్టరుగారు ఫోన్ చేశారు. భోజనాలయ్యాక అందరూ పెరట్లో నిలబడి బ్రదర్ షూటింగ్ కళ్ళారా చూడాలట. మా ఆయన ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డారు.

“జ్వరం అని చెప్పండి. నర్సుని, నేను సాక్ష్యం చెప్తా” అన్నాను.

“జ్వరమొస్తే ఇంకోరోజు చూస్తామంటారు.”

వారమంతా ప్రాక్టీసు చేశారు. డబ్బాడు గుళ్ళు అయిపోయాయి. ఓనరుగారి పొగాకు కొట్టానికి తగిలాయి, పైన్ చెట్లకి తగిలాయి, కుందేలుకి మాత్రం తగల్లేదు. చివరికి ఏర్పాటు నేనే చేశాను. డాక్టరుగారింటి అబ్బాయి ఒక ఎయిర్ రైఫిల్ కొనుక్కున్నాడు, అది అడిగి తెచ్చాను. మా ఆయన చూసేవాళ్ళందరినీ మెట్లమీద నిలబెట్టి, తన తుపాకిలో గుండు లేకుండా గురిపెట్టి దగ్గుతారు. ఆ దగ్గు వినగానే నేను బాత్‌రూమ్ కిటికీలోంచి కొడతాను. రెండు రోజులు రిహార్సల్ వేశాం. ఆయన గురి ఎంత చెడ్డదో దగ్గు అంత బాగా కుదిరింది.

ఆ రోజు ఓనరు ముసలాయన్ని కూడా పిలిచాం. పిలవకపోతే బాగుండదు కదా. పిలిచాకే నాకు గుర్తొచ్చింది, ఆయన వసారాలో కూర్చుంటే మా పెరడంతా కనబడుతుందని. ఏడాదిగా, వేట నెలల్లో కూటమున్న ప్రతి శనివారం చీర కొంగు దోపుకుని తుపాకి పట్టుకున్న నన్ను చూస్తూనే ఉన్నాడు.

మొదటి బంతి మగవాళ్ళది. అది మా అందరిళ్ళలోనూ మామూలే. నేను కుందేలు పులుసు గిన్నె, మిగతా ఆడవాళ్ళు తక్కిన గిన్నెలు పట్టుకుని వెనక నిలబడ్డాం. డాక్టరుగారు మా ఆయన భుజం తట్టి ముసలాయనతో ఇంగ్లీషులో అన్నారు:

“మా బ్రదర్ గురి చూశారా ఎప్పుడైనా?”

ముసలాయన మా ఆయన్ని చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. నేప్‌కిన్ నెమ్మదిగా ఒళ్ళో పరుచుకున్నాడు.

“చూశాను. ఈ చుట్టుపక్కల అంత మంచి గురి లేదు” అన్నాడు.

మేం గట్టెక్కాం. నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ మా ఆయన మొహం చూస్తే రక్తం లేదు. తన కోసం ఒక పెద్దమనిషి అన్నం ముందు కూర్చుని అబద్ధమాడాడు, అది ఆయనకి ఎక్కడో తగిలింది.

“బ్రదర్, మీరే ప్రార్థన చెయ్యండి” అన్నారు డాక్టరుగారు.

మా వాళ్ళ ప్రార్థనల సంగతి చెప్పాలి. పుస్తకం చూసి చదివేది కాదు, మనసులో ఉన్నది ఉన్నట్టు పైకి చెప్పుకోవాలి. మొగుడి మొహాన అనలేని మాటని దేవుడితో, మొగుడికి వినబడేంత గట్టిగా చెప్పుకునే ఆడవాళ్ళు మాలో చాలామంది. మా ఆయన మాత్రం ఎప్పుడూ రెండు వాక్యాల్లో ముగించేవారు. ఆ రోజు అందరం కళ్ళు మూసుకున్నాం.

“పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ ఆహారం కోసం వందనాలు.”

“స్తోత్రం” అన్నారు డాక్టరుగారు. వాక్యానికోసారి అలా అనడం ఆయనకి అలవాటు.

“నేను అబద్ధాలకోరుని తండ్రీ.”

“స్తోత్రం!”

“ఈ కుందేలుని నేను కొట్టలేదు. పోయిన ఏడాది కొట్టిందీ నేను కాదు.”

“స్తో…” అని డాక్టరుగారు ఆగిపోయారు.

“అన్నీ నా భార్యే కొట్టింది. ఇంకాసేపట్లో నేను దగ్గితే, ఆమె బాత్‌రూమ్ కిటికీలోంచి కాల్చాలని ఏర్పాటు చేసుకున్నాం.”

నన్నెందుకు లాగడం! నా చెంపలు మండిపోయాయి. నా వెనక ఎవరో ఆవిడ కిసుక్కుమంది. మా ఆయన ఆపలేదు. టోపీ సంగతి చెప్పారు, పొగమంచు సంగతి చెప్పారు, బనీను సంగతి కూడా విడవకుండా చెప్పారు. తర్వాత గొంతు తగ్గింది.

“ఈ దేశంలో నాకంటూ ఒక పేరుండాలని ఆశపడ్డాను తండ్రీ. దొరికింది ఇదొక్కటే. ఇదీ నాది కాదు. ఎవరిదో వాళ్ళకి ఇచ్చేస్తున్నాను. ఆమెన్.”

నేను అప్పటికే కళ్ళు తెరిచేశాను. ఆయన మీద అన్నాళ్ళూ పెంచుకున్న కోపం ఏమైపోయిందో తెలియలేదు, ఏడుపొచ్చింది.

అందరికంటే గట్టిగా “ఆమెన్” అన్నది ఒక్క తెలుగు ముక్క అర్థంకాని ముసలాయన. ఇంతమంది ఎందుకు బిగుసుకుపోయారని అడిగితే డాక్టరుగారు సంగతి ఇంగ్లీషులో చెప్పారు. ముసలాయన గడ్డం గోక్కున్నాడు.

“అయితే నేను అనవసరంగా అబద్ధమాడానన్నమాట” అన్నాడు.

ఆ మాటకి ఇల్లంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వారు. నవ్వు తగ్గాక డాక్టరుగారు నావైపు తిరిగారు.

“ఏమ్మా, ఏడాదిగా తింటున్నాం. నువ్వొక్కసారైనా చెప్పొచ్చు కదా?”

“మీరు నన్ను ఎప్పుడూ అడగలేదండీ” అన్నాను.

మెత్తగా అందామనుకున్నాను కానీ ఉన్నది ఉన్నట్టే వచ్చింది. అడిగినా చెప్పి ఉండేదాన్ని కాదేమో. అయినా ఎవరూ అడగలేదన్న మాట మాత్రం నిజం.

అప్పుడు మా ఆయన లేచి తన కుర్చీ నావైపు జరిపారు.

“కూర్చో.”

“వడ్డన ఉందండీ.”

“నేను చేస్తాను” అని నా చేతిలో గిన్నె తీసుకున్నారు. ఎవరికెంత వెయ్యాలో ఆయనకి తెలియదు. నా ప్లేట్లో అన్నం పెట్టకముందే పులుసు పోసేశారు. నా పెళ్ళయ్యాక మొదటిసారి మొదటి బంతిలో, మగవాళ్ళ మధ్యలో కూర్చుని తిన్నాను. అంత పొడుగు ప్రార్థనకి కూర చల్లగా అయిపోయింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఇంకో గరిటె వెయ్యమన్నాను.