కొసరు ఫ్యాను ఖరీదు

రాష్ట్రం రెండైన ఏడాది వచ్చిన తుఫాను మావైపు కరెంటు స్తంభాలన్నిటినీ పడుకోబెట్టింది. ఊళ్లో స్తంభాలు కొన్నాళ్లకు లేచాయి. నరసన్నపేట అవతల, మెట్ట మీద ఉన్న మా అప్ప జీడితోటకు పోయే స్తంభాలు మాత్రం, బాగా అలిసిపోయాయేమో, మళ్లీ వేసవి వచ్చినా లేవలేదు. మావైపు అక్కను అప్ప అంటాం. అప్పా బావా ఆ తోటలోనే ఇల్లు కట్టుకుని ఉంటున్నారు.

అప్పకు జీడిపిక్కల మీద కన్నా కోళ్ల మీద నమ్మకం ఎక్కువ. గుడ్లు పొదిగే మిషను ఒకటి కొంది. చుట్టుపక్కల ఆడవాళ్లు తమ నాటుకోళ్ల గుడ్లు తెచ్చి ఇస్తారు. మూడు వారాలకు పిల్లల్ని పట్టుకెళుతూ కొన్నిటిని ఆవిడకు వదిలిపోతారు. తుఫాను నాటికి మిషను నిండా గుడ్లున్నాయి. కరెంటు పోయింది, గుడ్లు చల్లబడిపోయాయి. అప్ప వాటిని తోట చివర గొయ్యి తీసి పూడ్చి, గుడ్లిచ్చిన ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్లి చెప్పి వచ్చింది. ఎవరూ తిట్టలేదట. తిట్టి ఉంటే బాగుండేదని ఆవిడ అభిప్రాయం.

బావ ఈలోగా మిషను కొనేవాణ్ని బొబ్బిలిలో చూసి ఉంచాడు.

"సోలారు పెడతాను. ఇంకొక్కమారు గుడ్లేస్తాను. అవీ పోతే మిషను నువ్వే అమ్మెయ్యి, నాను అడ్డం రాను" అంది అప్ప. ఆ మాట అనేటప్పుడు మిషను తలుపు తుడుస్తూనే ఉంది.

డిగ్రీలో ఫిజిక్సు చదివాను కనక సోలారు ఎంపిక చేసే పని నా మీద పడింది. కాలేజీలో మాకు సూర్యుడి గురించి చెప్పారు గాని షావుకార్ల గురించి చెప్పలేదు.

నరసన్నపేట కొట్లో రెండు రకాలు చూపించారు. ప్యానెళ్లు రెండిటికీ ఒకటే. తేడా అంతా బ్యాటరీలో. చౌకదానికి లారీల్లో పెట్టే రకం బ్యాటరీ, దాంతో పాటు కొసరుగా టేబుల్ ఫ్యాను. రెండోదానికి రాత్రంతా నిదానంగా కరెంటివ్వడానికే చేసిన పొడుగు బ్యాటరీలు. ధర దాదాపు ఒకటిన్నర రెట్లు, కొసరు లేదు. మావైపు కూరగాయలు కొంటే కరివేపాకు కొసరు, సోలారు కొంటే ఫ్యాను కొసరు. కొసరు అడగకపోతే అమ్మేవాడే నొచ్చుకుంటాడు. బావ చెయ్యి అప్పటికే ఫ్యాను మీద ఉంది.

నేను గొంతు సవరించుకున్నాను. "బావా, లారీ బ్యాటరీ ఇంజను స్టార్టు చేసేవరకే కష్టపడుతుంది, తరవాత విశ్రాంతి. రోజూ రాత్రంతా పిండితే ఏడాదిన్నరకి పోతుంది. పొడుగువి నాలుగైదేళ్లు ఉంటాయి. ఆలోపు చౌకది మనం మూడుసార్లు కొంటాం. అంచేత చౌకదే ఖరీదు."

బావ శ్రద్ధగా విన్నాడు. "మూడుమార్లు కొంటే మూడు ఫ్యాన్లొస్తాయి కదేటి?"

నా లెక్కలో ఫ్యాన్లు లేవు.

అప్ప లేచింది. "నోటిలెక్కలు నాకొద్దు. రేపు మిషను తెస్తాను. ఇక్కడే నడిపి సూపించండి."

"మిషనేలమ్మా? నా మాట మీద నమ్మకం లేదేటి?" అన్నాడు షావుకారు.

"నాకున్నాది బావూ. గుడ్లకి నీ మాట తెలీదు గదా."

మర్నాడు ఖాళీ మిషను ఆటోలో దిగింది. ప్యానెళ్ల తీగ పీకేయించి, "ఇప్పుడు రాత్రి అనుకోండి" అంది అప్ప. ముందు లారీ బ్యాటరీకి మిషను తగిలించారు. కొసరు వాడుకోకపోతే నష్టమని బావ ఫ్యాను కూడా పెట్టించుకుని దాని ముందు కూర్చున్నాడు. షావుకారుకు ఇంటి నుంచి భోజనం క్యారేజీ వచ్చే వేళకి ఇన్వర్టరు కీచుమంటూ అరవడం మొదలెట్టింది.

"ఫ్యాను ఆపు బావూ" అన్నాడు షావుకారు.

"ఆపితే మరేటి కొసరు?"

మిషను వేడెక్కుతోందని చెప్పే ఎర్రదీపం ఆరిపోయింది. అప్ప తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూసి, మూసేసింది.

తరవాత మిషను పొడుగు బ్యాటరీలకు మార్చారు. కొట్టు కట్టేసే వేళ దాటినా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

"దానికి ఫ్యాను తగిలించలేదు గదా, ఇదేటి న్యాయం?" అన్నాడు బావ.

"ఇంట్లోనూ తగిలించను" అంది అప్ప.

కొసరు లేకుండా సరుకు పంపడానికి షావుకారుకు మనసొప్పలేదు. గోడ గడియారం తీసుకెళ్లమన్నాడు. అప్ప ఒప్పుకోలేదు. "బ్యాటరీలు బతికినన్నాళ్లూ వాటిలో పోసే డిస్టిల్డ్ వాటరు నువ్వే ఇయ్యి. అవి సచ్చాక పాతవి తీసుకుని కొత్తవాటిలో తగ్గించు. అదే నాకు కొసరు."

షావుకారు గడియారం పక్కన పెట్టాడు. "ఇది కొసరు కాదమ్మా, సంబంధం" అని ఒప్పుకున్నాడు.

ఈసారి సగం ఇళ్లవాళ్లే గుడ్లిచ్చారు. గుడ్లు పెట్టిన రెండో వారంలో ముసురు పట్టింది. ప్యానెళ్ల మీద వాన తప్ప ఏమీ పడలేదు. నా లెక్కలో ముసురు ఉంది గాని ఇన్నాళ్ల ముసురు లేదు. అప్ప నా లెక్క పక్కన పెట్టింది. ఇంట్లో బల్బులు తీసేసింది, టీవీ వైరు చుట్టి అటక మీద పెట్టింది, ఫోన్లు ఊళ్లో ఛార్జింగు పెట్టుకోమంది. ఉక్కలో, దోమల్లో, కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుని అన్నాలు తిన్నాం. బావ తాటాకు విసనకర్ర విసురుకుంటూ, ఎవరినీ ఉద్దేశించకుండా, ఫ్యాన్ల గొప్పతనం గురించి మాట్లాడాడు. మిషనులో ఎర్రదీపం మాత్రం ఆరలేదు.

మూడు వారాలూ నిండి, ఇక బొబ్బిలి వాడికి కబురు చెయ్యాలా వద్దా తేలవలసిన తెల్లవారుజామున, అందరికన్నా ముందు లేచి మిషను దగ్గర కూర్చున్నది బావే. మేం వెళ్లేసరికి విసనకర్ర ఆపేసి, చెవి తలుపుకు ఆనించి ఉన్నాడు.

"ఒసే, అరవకు" అన్నాడు. అప్ప అరవలేదు. "లోపల మాటాడతన్నాయి."