ఎనభై పాటల కార్డు

2013లో నేను కర్నూలులో ఒక జానపద సంగీత సేకరణ విభాగంలో సీనియర్ సౌండ్ రికార్డిస్టుగా పనిచేస్తున్నాను. నా పైన డైరెక్టరు, నా కింద ఒక అసిస్టెంటు. మధ్యలో నేను, కాబట్టి తప్పు ఎవరిదైనా సంతకం నాది. ఆ చలికాలంలో పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో నాలుగు రోజులు తిరిగి పాటలు రికార్డు చేసుకురమ్మని ఆర్డరు వచ్చింది.

బయలుదేరే ముందు నిల్వ అంచనా అనే కాగితం నింపాలి. తీసుకెళ్లే మెమరీ కార్డులో ఎన్ని పాటలు పడతాయో అందులో రాయాలి. మా నిబంధన ప్రకారం శబ్దాన్ని కుదించకుండా, స్టీరియోలో, అంటే ఎడమ చెవికొకటి కుడి చెవికొకటి చొప్పున రెండు జాడలుగా ఎక్కించాలి. అలా చేస్తే నిమిషానికి సుమారు పది ఎంబీ. నాలుగు జీబీ కార్డుకు నాలుగు వందల నిమిషాలు. పాటకు ఐదు నిమిషాలు వేసుకుంటే ఎనభై పాటలు. మా జాబితాలో ఉన్నవి ఇరవై. రెండో కార్డు కూడా పెట్టుకుందాం సార్ అని అసిస్టెంటు అన్నాడు. లెక్కలు రానివాడికే రెండో కార్డు అని చెప్పి వాడి నోరు మూయించాను. ఆ మాట అన్నది నేనేనని ఒప్పుకోవడానికి రిటైర్మెంటు దాకా పట్టింది.

ఆ ఐదు నిమిషాలు నేను సినిమా పాటలు చూసి వేసుకున్నవి. పల్లెకు ఆ సంగతి తెలియదు. కలుపు పాట సాలు చివరిదాకా సాగుతుంది, సాలు పొడవు మా ఆఫీసు చేతిలో ఉండదు. పైగా ఒక మాజీ సర్పంచి, జాబితాలో పేరు లేకపోయినా, వచ్చి కూర్చుని నలభై నిమిషాలు భజన చేశాడు. ఆయన గొంతు గురించి ఏమీ చెప్పను. మూడు రోజులూ ఆయనింట్లోనే భోంచేశాం. మూడో రోజు ముగిసేసరికి కార్డులో నూట యాభై నిమిషాలు మిగిలాయి. మిగిలింది ఒక్క పాటే కదా అని నిశ్చింతగా నిద్రపోయాను.

ఆ ఒక్క పాట దస్తగిరి సాయిబుది. డెబ్బై దాటిన దర్జీ. పీర్ల పండగలో పీర్లను ఇంటింటికీ తిప్పేటప్పుడు ముందు నడుస్తూ పాడే పాట అది, మొదటి నుంచి చివరిదాకా వచ్చింది ఆయనొక్కడికే. నాలుగో రోజు పొద్దున వెళ్లేసరికి తెలిసింది, ఆయన మెడ దగ్గర గడ్డ లేచింది. మరునాడే కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషను. గొంతు మునుపటిలా రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడట. అంటే పాట దొరికితే ఈరోజు దొరకాలి, లేకపోతే లేదు.

పాట ఎంతసేపని అడిగాను. ఆయనకు నిమిషాల లెక్క లేదు.

"మా ఊర్లో ఎన్ని గడపలుండాయో అన్ని చరణాలు. ఒగ గడప ఇడిసిపెడితే ఆ ఇంటోళ్లు ఏడాదంతా నన్ను అడుగుతాంటారు. నడమ ఆపేది ల్యా" అన్నాడు.

పంచాయతీ ఇంటిపన్ను జాబితా తెప్పించాను. ఎనభై నాలుగు ఇళ్లు. ఒక చరణం పాడించి గడియారం చూస్తే రెండు నిమిషాలు. మొత్తం నూట అరవై ఎనిమిది. పద్దెనిమిది నిమిషాలు తక్కువ. మా రికార్డరు పాతది, దుకాణాల్లో దొరికే పెద్ద కార్డులు దానికి పడవు; ఉన్నవి దించుకునే కంప్యూటరు కర్నూలు ఆఫీసులో ఉంది. అసిస్టెంటు నా వైపు చూడలేదు. మంచి పిల్లవాడు.

కుదించి రాస్తే బోలెడంత చోటు మిగులుతుంది, కానీ కుదింపులో పోయిన శబ్దం మళ్లీ తిరిగి రాదు. ఇక మిగిలింది సర్పంచి గారి నలభై నిమిషాలు. ఒకసారి నంబరు వేసిన రికార్డింగును చెరపకూడదని రూలు. ఆయన అన్నం తిన్న చేత్తోనే ఆయన పాట చెరపాలా అని సిగ్గేసింది. అయినా వేలు మాత్రం ఆ మీట దాకా వెళ్లింది, అబద్ధమాడను.

సాయిబు అప్పటికే పీర్ల చావిడికి మొక్కి వచ్చి మైకు ముందు కూర్చున్నాడు. గొంతు సవరించుకోగానే రికార్డరు మీద రెండు దీపాల వరసలు ఒకేలా లేచి పడ్డాయి. అవేమిటని అడిగాడు. ఒకటి ఎడమ చెవికి, రెండోది కుడి చెవికి అని చెప్పాను. కాసేపు చూశాడు.

"నాకుండేది ఒగటే గొంతు గదా సారూ. రెండుతూర్లు ఎందుకు రాసుకుంటాండావు?"

పాతికేళ్ల సర్వీసులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. ఒక్క మైకు, ఒక్క మనిషి. రెండు జాడల్లోనూ అదే శబ్దం ఎక్కుతోంది. ఒకటి తీసేస్తే పోయేది ఏమీ లేదు. మోనోకు, అంటే ఒంటి జాడకు మార్చాను. మిగిలిన నూట యాభై నిమిషాలు మూడు వందలయ్యాయి. బట్టలు కుట్టే మనిషికి గుడ్డ ఎక్కడ వృథా అవుతుందో తెలుస్తుంది.

పాడాడు. ఎనభై నాలుగు చరణాలు దాటినా ఆగలేదు. నేను కంగారుగా జాబితా చూసుకుంటున్నాను, ఆయన జాబితాలో లేని పేర్లు పలుకుతున్నాడు. మొత్తం నూట తొంభై ఆరు నిమిషాలు. తర్వాత అడిగితే, పద్నాలుగు ఇళ్లు కూలిపోయి గోడలు కూడా లేవని, పన్ను కట్టకపోతే గడప కాకుండా పోతుందా అని అన్నాడు. అప్పుడు లెక్క వేసుకున్నాను. సర్పంచి పాట చెరిపి ఉంటే నాకు దొరికేది నూట తొంభై నిమిషాలు. పాపమూ చేసి, చివరి మూడు గడపలూ పోగొట్టుకునేవాణ్ణి.

ఆపరేషను బాగా జరిగింది. గొంతు మాత్రం గుసగుస దగ్గరే ఆగిపోయింది. మరుసటి పండగకు ఆ ఊరివాళ్లు మా దగ్గర నుంచి నకలు తీసుకెళ్లి పాట నేర్చుకున్నారు. తప్పు పాడినవాడి భుజం మీద సాయిబు తట్టేవాడట.

నిబంధనకు విరుద్ధంగా మోనోలో ఎందుకు రికార్డు చేశారో వివరణ ఇవ్వమని పైనుంచి మెమో వచ్చింది. గాయకుడికి గొంతు ఒక్కటే అని రాసి సంతకం పెట్టాను. మళ్లీ ఎవరూ అడగలేదు. ఆ తర్వాత సర్వీసు ముగిసేదాకా నిల్వ అంచనా కాగితాన్ని ఊరు చేరి, పాడేవాళ్లను అడిగాకే నింపాను. రెండో కార్డు మాత్రం నా జేబులోనే ఉండేది.