రొమ్ము చూపించే యేసు

నిన్న సింగానల్లూరులో పటాలు కట్టే అంగడి ముందు బస్సు ఆగితే, మంట లేస్తున్న తన ఎర్రటి గుండెను వేలితో చూపిస్తూ యేసు కనిపించాడు. మా ఇంట్లోనూ ఆ పటమే ఉండేది. దాని కింద చాపమీద మా నాయన దగ్గుతూ పడుకునేవాడు. ఇరవై ఏళ్లు పీల్చిన మిల్లు దూది ఆయన ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. డాక్టరు "ఎక్కడ నొప్పి?" అంటే నాయన కూడా అచ్చం అలాగే రొమ్ము చూపించేవాడు.

ఆయన కోసం రోజూ జపం చెయ్యడం అప్పుడు ఏడేళ్ల పిల్లనైన నా పని. ఒకనాడు మానేశాను.

"ఏం కన్నూ, జపం చెయ్యలే?" అన్నాడు నాయన.

"ఆయనకే రొమ్ము మంట నాయనా. పాపం, ఆయన్నేం అడిగేది?"

నాయన నవ్వాడు. నవ్వినందుకు చాలాసేపు దగ్గాడు. "సరే కన్నూ. ఆయనా మా షిఫ్టే అయ్యుంటాడు. రెస్టు తీసుకోనీ."

పదిహేను రోజులకు నాయన పోయాడు.

తర్వాతి ఏడు మతబోధ క్లాసులో సిస్టరు ఆ పటం వివరించింది. అది జబ్బు కాదట, మనమీద ప్రేమట. నేను చెయ్యెత్తి, "ముందే చెప్పకూడదా సిస్టర్?" అన్నాను. అందరూ నవ్వారు. తమాషా పిల్లనని పేరొచ్చింది.

ఆ పదిహేను రోజులు జపం చెయ్యలేదని అమ్మకు ఇంతవరకూ చెప్పలేదు.